కంటిరెప్ప దించి చూస్తే రక్తహీనత తెలిసిపోతుందా?

అపోహ: కింది రెప్ప లోపల ఎర్రగా ఉంటే ఒంట్లో రక్తానికి కొదవ లేనట్టే.

వాస్తవం: రెప్ప పాలిపోయి ఉంటే రక్తహీనతను గట్టిగా అనుమానించవచ్చు గానీ, ఎర్రగా ఉన్నంత మాత్రాన అది లేదని చెప్పడానికి వీల్లేదు. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు పురుషులలో 13, గర్భిణులు కాని స్త్రీలలో 12, గర్భిణులలో 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. 10, 11 గ్రాములున్న స్త్రీల రెప్పలు చాలాసార్లు మామూలుగానే కనిపిస్తాయి. చూసే పద్ధతీ ముఖ్యమే. పగటి వెలుతురులో రోగిని పైకి చూడమని చెప్పి, రెప్పను మెల్లగా దించి, వెంట్రుకల వైపున్న ముందు అంచును లోపలి భాగంతో పోల్చాలి. ఆరోగ్యవంతులలో ముందు అంచు స్పష్టంగా ఎర్రగా, లోపలి భాగం లేతగా ఉంటాయి. ఆ తేడా చెరిగిపోయి అంచు కూడా పాలిపోతే ఆ ఆధారం బలమైనది. కళ్లకలక ఉన్నవారిలో ఈ పరీక్షను నమ్మలేము. పాలిపోయాయేమోనని అరచేతి గీతలు చూసేటప్పుడు వేళ్లను వెనక్కి విరిచి పట్టకూడదు, అలా చేస్తే ఎవరి చేయైనా తెల్లబడుతుంది. గోరింటాకు పండిన చేతిలో రంగు అంచనాకు అందదు.

అపోహ: గోళ్లు గుంటపడితేనే ఐరన్ లోపం.

వాస్తవం: నీటిచుక్క నిలిచేంతగా గుంటపడిన గోరు దీర్ఘకాలిక లోపంలో కనిపించవచ్చు గానీ, అది అరుదు. పైగా పసిపిల్లల కాలి గోళ్లు సహజంగానే అలా ఉండవచ్చు. నోటి మూలలు పగలడం, నాలుక నున్నబడటం బి విటమిన్ల లోపంలోనూ ఉంటాయి. ఐరన్ లోపంలో కొందరికి కలిగే కోరిక గురించి, అంటే బలపాలు, మట్టి, పచ్చి బియ్యం, ఐసుముక్కలు తినాలనిపిస్తోందా అన్న ప్రశ్న మాత్రం నేను ఎన్నడూ విడిచిపెట్టను, ఎందుకంటే సిగ్గుపడి చాలామంది అడిగితే తప్ప చెప్పరు.

అపోహ: పాలిపోయి ఉంటే ఐరన్ మాత్రలు రాసిస్తే చాలు.

వాస్తవం: పొట్టలో ఎడమవైపు పైన ఉండే ప్లీహం పెద్దదైతే థలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి), మలేరియా వంటివాటిని, కళ్లు పచ్చబడితే ఎర్రకణాలు విచ్ఛిన్నమవుతున్నాయేమోనని, లింఫ్ గ్రంథులు ఉబ్బితే రక్త క్యాన్సర్లను పరిశీలించాలి. పురుషులలో, ముట్లుడిగిన స్త్రీలలో ఐరన్ లోపం తేలితే పేగుల్లో రక్తస్రావం జరుగుతోందని ముందుగా అనుమానించి, పొట్టలో గడ్డలున్నాయేమో చూసి, మొహమాటం పక్కనపెట్టి, రోగి అనుమతితో, చాటు కల్పించి మలద్వార పరీక్ష కూడా చేయాలి. మొలలు కనిపించాయని అక్కడితో ఆగిపోకూడదు. ఐరన్ లోపాన్ని నిర్ధారించేది రక్తకణాల లెక్క, ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్షలే. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఐరన్ తక్కువగా ఉన్నా ఫెరిటిన్ మామూలుగా కనిపించవచ్చు. కూర్చున్నచోటే ఆయాసం, మెడ నరాలు ఉబ్బడం, కాళ్ల వాపు ఉన్నవారిని మాత్రం రిపోర్టుల కోసం ఇంటికి పంపకుండా ఆ పూటే ఆసుపత్రిలో చేర్చాలి.