కిక్‌స్టార్ట్‌లో ఐపీ రాశాం కదా, ఇంకేం కావాలి? (అపోహలు - వాస్తవాలు)

డీహెచ్‌సీపీ (మెషీన్లకు ఐపీ అడ్రస్‌లు తనంతట తానే పంచే సర్వీసు) లేని నెట్‌వర్క్‌లో లినక్స్ సర్వర్లు ఎక్కించే పని మొదలైందంటే నాకు ఫోన్ రావడం ఖాయం. "అన్నా, కిక్‌స్టార్ట్ ఫైల్లో ఐపీ, మాస్క్, గేట్‌వే అన్నీ కరెక్టుగానే రాశాను. అయినా ఇన్‌స్టాలర్ డీహెచ్‌సీపీనే వెతుక్కుంటోంది." కిక్‌స్టార్ట్ అంటే ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టే ఫైల్. అది ఎక్కడ పెట్టావని అడుగుతాను. "వెబ్ సర్వర్లో."

అపోహ: ఫైల్లో నెట్‌వర్క్ లైన్ ఉంటే ఇన్‌స్టాలర్ అదే ఐపీ తీసుకుంటుంది.

వాస్తవం: ఆ లైన్ చదవాలంటే ముందు ఫైల్ రావాలి. ఫైల్ రావాలంటే నెట్‌వర్క్ లేవాలి. నెట్‌వర్క్ లేవడానికి కావాల్సిన ఐపీ ఆ ఫైల్లోనే ఉంది. తాళంచెవి పెట్టెలో ఉంచి పెట్టెకు తాళం వేసినట్టే. వేరే దారి చెప్పలేదు కాబట్టి ఇన్‌స్టాలర్ డీహెచ్‌సీపీని అడుగుతుంది. పలికేవాళ్లు ఉండరు. 'డ్రాకట్ ఇనిట్‌క్యూ టైమౌట్' అనే మెసేజ్‌లు (డ్రాకట్ అంటే బూట్ తొలిదశను నడిపేది) వరసగా పడి, చివరికి ఎమర్జెన్సీ షెల్‌లో ఆగుతుంది. అక్కడ చూస్తే నెట్‌వర్క్ కార్డు అప్‌లోనే ఉంటుంది, అడ్రస్ మాత్రం ఉండదు. అది చూసి కేబుల్ మార్చినవాళ్లు, స్విచ్ పోర్టు పాడైందని నెట్‌వర్క్ టీమ్‌తో గొడవ పడినవాళ్లు నాకు తెలుసు. పోర్టు తప్పేమీ లేదు. దయచేసి ముందు బూట్ లైన్ (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే పారామీటర్ల వరస) చూడండి.

ఐపీ ఇవ్వాల్సింది అక్కడే, 'ఐపీ=' పారామీటర్‌లో. వరస ఇది: సర్వర్ ఐపీ, పీర్, గేట్‌వే, మాస్క్, హోస్ట్‌నేమ్, కార్డు పేరు, చివర 'నన్'. మధ్యలో కోలన్లు. పీర్ గడి ఖాళీగా వదిలేస్తాం, అందుకే 10.20.30.41::10.20.30.1:255.255.255.0 అని ఐపీ పక్కన రెండు కోలన్లు వస్తాయి. ఒకసారి ఒక క్లయింట్ డేటా సెంటర్‌లో ఆ రెండో కోలన్ కోసం తెల్లవార్లూ కూర్చున్నాను. ఎవరో రాసిన డాక్యుమెంట్ నుంచి కాపీ చేసిన లైన్ అది. ఒక్క కోలన్ తగ్గేసరికి గేట్‌వే పోయి పీర్ గడిలో పడింది, మాస్క్ గేట్‌వే అయి కూర్చుంది. స్క్రీన్ మీద వేలు పెట్టి గడి గడీ లెక్కపెడితే గానీ దొరకలేదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ గుర్తుంది కాబట్టే అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోను.

కిక్‌స్టార్ట్ అడ్రస్‌లో సర్వర్ పేరు రాస్తే 'నేమ్‌సర్వర్=' కూడా ఇవ్వాలి. పేరు బదులు ఐపీ రాస్తే ఆ బాధ లేదు. డెబియన్‌లో కిక్‌స్టార్ట్ లాంటిదే అయిన ప్రీసీడ్‌ది కూడా ఇదే కథ: నెట్‌వర్క్ మీద నుంచి తెచ్చే ఫైల్లో నెట్‌సీఎఫ్‌జీ (నెట్‌వర్క్ సెట్టింగుల) జవాబులు రాస్తే అవి ఆలస్యంగా అందినట్టే, బూట్ లైన్లోనే ఇవ్వాలి. ఇదంతా వద్దనుకుంటే ఫైల్‌ను కేఎస్.సీఎఫ్‌జీ పేరుతో ఓఈఎం‌డీఆర్‌వీ అనే లేబుల్ ఉన్న యూఎస్‌బీలో పెట్టండి. అనకొండ (రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలర్) దాన్ని తనంతట తానే తీసుకుంటుంది. అప్పుడు ఫైల్లోని నెట్‌వర్క్ లైన్ నిజంగానే పనిచేస్తుంది.

"డీహెచ్‌సీపీ లేకపోతే ఆటోమేషన్ కుదరదు" అన్నది వట్టి పుకారు. మామూలు పీఎక్స్ఈ (నెట్‌వర్క్ నుంచి బూట్ చేయడం) కుదరదు, అంతే. 'ఐలో', 'ఐడ్రాక్' (హెచ్‌పీ, డెల్ సర్వర్లను దూరం నుంచి నడిపే సదుపాయాలు) వర్చువల్ మీడియాలో ఐఎస్ఓ తగిలించి, బూట్ లైన్ సర్వర్‌కొకటి చొప్పున స్క్రిప్టుతో తయారు చేసుకోవచ్చు.

కార్డు పేరు ఎప్పుడూ ఈటీహెచ్0 అనుకోకండి. మ్యాక్ అడ్రస్ చూసి రాయండి. మాస్క్ దగ్గర కూడా జాగ్రత్త: /26 (అంటే మాస్క్ 255.255.255.192) నెట్‌వర్క్‌లో 255.255.255.0 పెడితే పక్క సర్వర్‌కు పింగ్ వెళ్తుంది, ఇంటర్నెట్‌కూ వెళ్తుంది, అదే /24లోని మిగతా సబ్‌నెట్లకు మాత్రం వెళ్లదు.

ఉబుంటులో ఐపీ మారిస్తే సర్వర్ చేజారిపోతుందేమోనని చాలామంది భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. నెట్‌ప్లాన్ అనేది ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగుల టూల్; అందులో 'నెట్‌ప్లాన్ అప్లై' బదులు 'నెట్‌ప్లాన్ ట్రై' కొట్టండి. మీరు ఎంటర్ నొక్కకపోతే 120 సెకన్లలో పాత సెట్టింగులు తిరిగొస్తాయి.