మత్తు డాక్టరు అడిగే ఆ ప్రశ్న

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో రేపు ఆపరేషన్ అనగా మత్తు డాక్టరు వచ్చి చూసి వెళ్తారు. బీపీ ఉందా, షుగర్ ఉందా, పళ్లేమైనా కదులుతున్నాయా, ఇంతకుముందు మత్తు తీసుకున్నారా అని వరసగా అడుగుతూ, కాస్త మొహమాటంగా ఇంకో మాట వేస్తారు: "మీరు వైశ్యులా అండీ?" విన్నవాళ్లలో కొందరు నొచ్చుకుంటారు. బిల్లు ఎంత వేయొచ్చో అంచనా కడుతున్నారని అనుమానపడేవాళ్లూ ఉంటారు. డాక్టరుకి కావలసింది మాత్రం రక్తంలోని ఒక ఎంజైమ్ సంగతి.

గొంతులోకి ట్యూబు వేసేముందు కండరాలు వదులయ్యేందుకు సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. థియేటర్‌లో దాన్ని స్కోలిన్ అంటారు. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ మందును కొద్ది నిమిషాల్లోనే ముక్కలు చేసేస్తుంది. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ సరిగా పనిచేయని వాళ్లలో అదే డోసు గంటల తరబడి దిగదు. ఆపరేషన్ అయిపోతుంది, కానీ మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ మీద ఉంచి ఓపిక పడితే గండం గడుస్తుంది. ముందే తెలియకపోతే లోపల డాక్టరుకీ బయట బంధువులకీ ఒకటే టెన్షన్. ఆంధ్ర ప్రాంతపు వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్ల కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని హైదరాబాద్ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో రాశారు. ఎన్నో తరాల కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలైన సమూహం, ఆ తర్వాత పెళ్లిళ్లన్నీ లోపల్లోపలే. ఒకప్పుడు ఏ ఒక్కరిలోనో ఉన్న జన్యు మార్పు అలా ఇంటింటికీ చేరింది.

ఎవరి జన్యువులకు ఏ మందు ఎలా పడుతుందో చెప్పే శాస్త్రాన్ని ఫార్మకోజెనోమిక్స్ అంటున్నారు. ఈ శాస్త్రానికి పునాది వేసిన మందుల్లో స్కోలిన్ కూడా ఒకటి. 1950లలో కెనడాలోని టొరంటోలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త ఈ ఎంజైమ్ తేడా వంశపారంపర్యంగా వస్తుందని తేల్చాడు. 1959లో జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ ఫోగెల్ ఈ రంగానికి అప్పట్లో ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు. మన మత్తు డాక్టర్లు ఆ పేరు తలవకుండానే దాన్ని రోజూ ఆచరిస్తున్నారు.

వాళ్లకిది ఎలా ఒంటబట్టింది? క్లాసులో జన్యుశాస్త్రం విని కాదు. పీజీలో చేరిన కొత్తలో "అడిగావా?" అని సీనియర్ గద్దించడం వల్ల. ఒక మందు, ఒక ప్రశ్న, జవాబు అవునంటే ఇవ్వడానికి ఇంకో మందు. మందు రాసే డాక్టర్లకు ఫార్మకోజెనోమిక్స్ నేర్పాలంటే ఇదే పద్ధతి నడుస్తుందని నా నమ్మకం. 2019 నాటి ఎంబీబీఎస్ సిలబస్‌లో ఈ విషయం ఉంది గానీ, మందుల ఆర్థికశాస్త్రంతో కలిపి ఒక్క వాక్యంలో ముగించారు. పరీక్షలో షార్ట్ నోట్‌గా రాస్తారు, హౌస్ సర్జన్ అయ్యేసరికి మర్చిపోతారు.

అలాగని కులం అడగడంతో పని అయిపోదు. చాలామంది వైశ్యుల్లో ఎంజైమ్ బాగానే ఉంటుంది. వేరేవాళ్లలో లోపం ఉండకూడదనీ లేదు. రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది. గుంటూరు వైపు ల్యాబులకు ఈ పరీక్ష కొత్తేమీ కాదు, పురుగుమందు తాగిన కేసుల్లో చేయించేది దీన్నే. మిర్చికీ పత్తికీ కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఈ ఎంజైమ్‌ను పడగొడతాయి. ఇక్కడే చిక్కు. స్ప్రేయర్ భుజాన వేసుకుని వారమంతా చేలో తిరిగిన రైతుకు అంకె తక్కువొస్తే అది మందు పనా, జన్యువు పనా? లివర్ దెబ్బతిన్నా, గర్భిణిగా ఉన్నా అంకె తగ్గుతుంది. రిపోర్టు చదవడమంటే దాని వెనకున్న మనిషిని అడిగి తెలుసుకోవడం కూడా.

నన్నడిగితే డాక్టర్ల శిక్షణను, గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ల మందుల చీటీతో మొదలుపెట్టాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు మందు కాదు, కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని మందుగా మార్చాలి. దక్షిణాసియా వాళ్లలో సగానికి పైగా మందికి ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు రెండు కాపీల్లో (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) కనీసం ఒకటి పనిచేయదు. పది మందిలో ఒకరికి పైగా రెండూ పనిచేయవు. అలాంటివాళ్లు రోజూ మాత్ర వేసుకుంటున్నా దాని ఫలం పూర్తిగా దక్కదు, స్టెంట్ మూసుకుపోయే ముప్పు పెరుగుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే ఈ మందు లేబుల్ మీద పెట్టె గీసి మరీ హెచ్చరించింది. బదులుగా ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ ఉన్నాయి. రక్తస్రావం ముప్పు, ఖర్చు చూసుకుని ఎంచుకోవాలి.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. అదే చీటీలో పరగడుపున వేసుకోమని గ్యాస్ మాత్ర రాస్తారు. అది ఒమెప్రజోల్ అయితే అదే సీవైపీ2సీ19ని అడ్డుకుంటుంది. జన్యువులు బాగున్న మనిషిని కూడా మాత్రే లోపం ఉన్నవాడిలా మార్చేస్తుందన్న మాట. పాంటోప్రజోల్‌తో ఈ ఇబ్బంది చాలా తక్కువ. ఏ పరీక్షా లేకుండా, రూపాయి ఖర్చు కాకుండా రేపటి ఓపీ నుంచే దిద్దుకోగలిగిన సంగతిది. దీన్ని ముందు నేర్పకుండా డీఎన్‌ఏ మెలికల బొమ్మతో మొదలయ్యే పాఠాలంటే నాకు విసుగు.

ఇంకో రకం శిక్షణ, పాశ్చాత్య పాఠ్యాన్ని మనకు తగ్గట్టు మార్చుకోవడం. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ అనే మందు ఇచ్చేముందు టీపీఎంటీ జన్యువు చూడమని అక్కడి పాఠం. ఆసియావాళ్లలో ఎన్‌యూడీటీ15 అనే జన్యువును చూడటమే ఎక్కువ ముఖ్యం. అందులో లోపముంటే మామూలు డోసుకే కొద్ది వారాల్లో తెల్లకణాలు పడిపోతాయి, జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. ఐరోపాలోని 7 దేశాల్లో దాదాపు 7,000 మంది మీద, ముందే 12 జన్యువులు పరీక్షించి మందు రాయడం ఎలా ఉంటుందో చూసిన అధ్యయనం 2023లో లాన్సెట్‌లో వచ్చింది. దుష్ప్రభావాలు 28 శాతం నుంచి 21కి తగ్గాయి. మంచి ఫలితమే. అయితే ఆ 12 జన్యువుల జాబితాను యథాతథంగా తెచ్చి మన ఓపీలో పెట్టేస్తే సరిపోదు.

ఓపీలో ఒక్కో రోగికి దక్కేది రెండు మూడు నిమిషాలు. అంతలో "స్టార్ 2, స్టార్ 17" అని జన్యు రకాల పేర్లు రాసున్న రిపోర్టును విప్పిచెప్పే తీరిక డాక్టరుకి ఎక్కడిది? దానికి మనుషులు మన దగ్గరే ఉన్నారు. 2008లో దేశంలో ఆరేళ్ల ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు మొదలైంది, మన జిల్లాల్లోనూ ఆ కాలేజీలు ఉన్నాయి. ఆ పిల్లలు వార్డుల్లో రౌండ్స్‌కి తిరుగుతారు, నోట్సు రాసుకుంటారు, కానీ వాళ్ల మాట చీటీ దాకా రావడం అరుదు. రిపోర్టు చదివే పని వాళ్లకప్పగించి, ఏ మందు రాసేటప్పుడు ఆగి అడగాలో డాక్టరుకు నేర్పితే చాలు.

ఇక మిగిలింది ఫలితం ఎక్కడుండాలన్నది. జన్యువు మారదు కాబట్టి పరీక్ష జీవితానికి ఒక్కసారే. ఆ కాగితమేమో బీరువాలో పాలిథిన్ కవర్లో పడుంటుంది. స్కోలిన్ దిగక వెంటిలేటర్ మీదికెళ్లి బయటపడ్డ మనిషి డిశ్చార్జి సమ్మరీ చివర ఎర్ర సిరాతో "స్కోలిన్ వద్దు" అని రాస్తారు. అన్నకు రెండు కాపీలూ లోపమైతే, చెల్లెలికీ అలాగే ఉండే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఆ మాట చెల్లెలి చెవిన వేయడానికి జంకుతారు. ఆమె ఆపరేషన్ రోజున మత్తు డాక్టరు మళ్లీ "మీరు వైశ్యులా?" అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.