పేరు రాయని ఫోటో

చిరంజీవులు చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య దీవెనలు. ఉభయకుశలోపరి.

మొన్న ఫోన్లో చిన్ని అడిగినదానికి అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచక "ఉత్తరం రాస్తాలేవే" అని తప్పించుకున్నాను. స్కూలు ప్రాజెక్టు కోసం పాబ్లో బార్తలోమ్యూ ఫోటోలు చూశావు కదా. "ఈయన పెద్ద ప్రెస్ ఫోటోగ్రాఫర్ అంటున్నారు, మరి ఎగ్జిబిషన్లో ఫ్రెండ్సు ఊరికే కూర్చున్నవీ పడుకున్నవీ పెట్టాడేంటి తాతయ్యా? అందులో న్యూసేముంది?" అన్నావు. పదిహేనేళ్లు స్టూడియోలో రీళ్లు కడిగినవాణ్ణి, నాకూ ఒకప్పుడు అదే అనుమానం.

పాబ్లో 1955లో ఢిల్లీలో పుట్టాడు. తండ్రి రిచర్డ్ బర్మాలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం అక్కడికి వచ్చినప్పుడు ప్రాణాలు అరచేత పట్టుకుని మన దేశం చేరాడు. తర్వాత ఢిల్లీలో పేరున్న కళా విమర్శకుడయ్యాడు. ఆయనకీ కెమెరా పిచ్చే. భార్యని, పిల్లల్ని, పరిచయమున్న చిత్రకారుల్ని తీస్తుండేవాడు. పాబ్లో ఫోటోలు కడగడం నేర్చుకున్నది ఆ ఇంట్లోనే.

కడగడమంటే మీకు తెలియదు కదా! రీలుకి 36 ఫోటోలే. ఒక్కోటీ లెక్క చూసుకుని నొక్కాలి. రీలుని కటిక చీకట్లో మందులో ముంచితే నెగటివ్ వస్తుంది. తర్వాత ఆ నెగటివ్ గుండా తెల్ల కాగితం మీద వెలుగు పడనిచ్చి, ఎర్ర బల్బు కింద ఆ కాగితాన్ని ట్రేలోని మందులో అటూ ఇటూ ఆడిస్తుంటే, ముందు జుట్టు, తర్వాత కళ్లు, మెల్లగా మనిషి తేలి వస్తాడు. వందలసార్లు చూశాను, ఒక్కసారి కూడా విసుగు రాలేదు. వేళ్లకి పట్టిన హైపో, అంటే ఫోటోలు కడిగే మందు, వాసన మాత్రం మీ నాయనమ్మకి పడేది కాదు.

సరే, అసలు విషయానికి వస్తా. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకయింది. వేలమంది చనిపోయారు. అక్కడికి వెళ్లిన పాబ్లో, మట్టిలో పూడుస్తున్న ఒక పసిబిడ్డ ముఖాన్ని రంగుల్లో తీశాడు. ఆ ఏడాది ప్రపంచ ప్రెస్ ఫోటో పోటీలో అత్యుత్తమ చిత్రం అదే. అదే బిడ్డని రఘు రాయ్ అనే మరో పేరున్న ఫోటోగ్రాఫర్ నలుపు తెలుపులో తీశాడు. ఇద్దరి ఫోటోలూ ప్రపంచమంతా చూసింది. ఆ బిడ్డ పేరేమిటో, ఎవరి బిడ్డో మాత్రం నేటికీ తేలలేదు. ఆ ఫోటోని ఎక్కువసేపు చూడొద్దని నిన్ను వారించాను, గుర్తుందా? నేనే చూడలేకపోయాను మరి.

అప్పటికి పాబ్లో దగ్గర ఇంకో మూట ఉంది. కుర్రతనం నుంచీ ఢిల్లీ, బొంబాయి, కలకత్తాల్లో తిరుగుతూ తీసినవి. స్నేహితులు, వాళ్ల పార్టీలు, ఇంట్లోవాళ్లు, బొంబాయి సినిమా లోకం, కలకత్తాలో ఉండే చైనీయుల కుటుంబాలు, అద్దంలో తనూ. ఏ పత్రికా వాటిని పంపమని అడగలేదు. అవి 2007లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఫోటో ఉత్సవంలో గోడకెక్కాయి, తర్వాత మన దేశంలోనూ చూపించారు. నువ్వు చూసినవి అవే. కొన్ని నాకూ ఎక్కలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లకే తెలిసే సంగతులేవో వాటిలో ఉన్నాయి, మనం గుమ్మం దగ్గరే ఆగిపోతాం.

కానీ ఇది చూడు. భోపాల్ ఫోటోకి కింద నాలుగు ముక్కలు రాస్తే చాలు, ఏ దేశం వాడికైనా అర్థమవుతుంది. ఇంటి ఫోటో అలా కాదు, దాని పక్కన నిలబడి "వీడు నా ఫ్రెండు, ఆ రాత్రి మేమంతా మేలుకునే ఉన్నాం" అని చెప్పేవాడొకడు కావాలి. లోకమంతా ఎరిగిన బిడ్డకి పేరు లేదు, ఎవరూ ఎరగని ఆ కుర్రాళ్లందరి పేర్లూ తీసినవాడికి తెలుసు. ముప్పయ్యేళ్లు గడిచేసరికి ఆ బట్టలు, ఆ జుట్టు, ఆ గదులు చూసి అప్పటి ఊళ్లెలా ఉండేవో మనకీ తెలుస్తోంది. అంటే నువ్వడిగిన న్యూసు అందులోకి ఆలస్యంగా వచ్చి చేరిందన్నమాట.

భోపాల్ జరిగిన మరుసటి ఏడే, 1985లో, పాబ్లో తండ్రి పోయాడు. ఆయన తీసిన నెగటివులు ఇంట్లో మిగిలాయి. తర్వాత కొన్నేళ్లకి కొడుకు వాటినీ ప్రింట్లు వేసి ఎగ్జిబిషన్ పెట్టాడు. కొన్నింటిలో చిన్నప్పటి పాబ్లో ఉంటాడు. తన చిన్నతనం తండ్రి కంటికి ఎలా కనబడిందో ఆ ఫోటోల్లో చూసుకుంటుంటే ఎలా ఉండి ఉంటుందో అనుకుంటూ ఉంటాను.

మన అటక మీది ట్రంకు పెట్టె నిన్న కిందికి దింపించాను. నూతి గట్టు మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్న ఫోటో ఒకటుంది. ఒకరు మా అమ్మ, ఒకరు మా మేనత్త. మూడో ఆవిడ నవ్వుతోంది, ఎవరో గుర్తు రావట్లేదు. మీ నాయనమ్మ ఉంటే చటుక్కున చెప్పేది. ఫోటో వెనక పెన్సిల్‌తో రెండు పేర్లు రాసి, మూడోదానికి చోటు వదిలాను. సంక్రాంతికి మీరొచ్చేలోపు మా చిన్నక్కకి ఫోన్ చేసి అడుగుతాను. ఆవిడకి చెవుడు, గట్టిగా అరవాలి.

మీ తాతయ్య