డీజిల్ కార్లలో యాడ్‌బ్లూ: అపోహలు - వాస్తవాలు

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత తయారైన డీజిల్ కార్లలో చాలావాటికి డీజిల్ ట్యాంకుతో పాటు నీలం మూత ఉన్న మరో చిన్న ట్యాంకు ఉంటోంది. పొగలోని హానికర వాయువులను తగ్గించడానికి అందులో పోసేది డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్. బంకుల్లోనూ షాపుల్లోనూ అందరూ యాడ్‌బ్లూ అనే అడుగుతారు. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ కార్లు బాగుచేసే పనిలో ఉన్న నాకు, ఈ వ్యవస్థలో భాగాలు అరిగిపోయి చెడిపోవడం కన్నా, తప్పుడు ద్రవం పోయడం వల్లనో మంచి ద్రవాన్నే ఎండలో నిల్వ ఉంచడం వల్లనో చెడిపోవడమే ఎక్కువగా కనిపిస్తోంది.

అపోహ: యాడ్‌బ్లూ డీజిల్‌లో కలుస్తుంది, పికప్ పెంచుతుంది.

ఇది ఇంజన్‌లోకి వెళ్లనే వెళ్లదు. ఇంజన్ నుంచి వెలువడిన వేడి పొగలోకి, సైలెన్సర్ గొట్టం దగ్గర అమర్చిన చిన్న ఇంజెక్టర్ దీనిని చిమ్ముతుంది. ఇందులో 32.5 శాతం యూరియా, మిగిలిన 67.5 శాతం లవణాలు పూర్తిగా తొలగించిన నీరు ఉంటాయి. పొగ వేడికి యూరియా విడిపోయి అమ్మోనియాగా మారుతుంది, ఆ అమ్మోనియా, పొగను శుద్ధి చేసే ఎస్‌సీఆర్ అనే భాగంలోని క్యాటలిస్టు మీద నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి వాటిని మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. పొరపాటున దీనిని డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం తిప్పకుండా బండిని తోయించి గానీ ఎత్తించి గానీ షెడ్డుకు చేర్చాలి. తాళం తిప్పితే పంపు ఆ ద్రవాన్ని ఇంధన లైన్లలోకి లాగుతుంది, అక్కడి నుంచి నష్టం ఇంజెక్టర్ల దాకా పోతుంది.

అపోహ: యూరియా బస్తా, ఆర్వో నీళ్లు ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి రైతుల ఇళ్లలో యూరియా బస్తా ఎప్పుడూ ఉంటుంది కనుక ఈ ఆలోచన రావడంలో వింత లేదు. కాని ఆ యూరియా పైరు కోసం చేసినది. నత్రజని నెమ్మదిగా విడుదల కావడానికి దానికి వేపనూనె పూత పూస్తారు. వ్యవసాయ యూరియాలో బైయూరెట్ అనే మలినం 1.5 శాతం దాకా ఉన్నా చెల్లుతుంది, యాడ్‌బ్లూకు వర్తించే ఐఎస్ఓ 22241 ప్రమాణం ప్రకారం 0.3 శాతం దాటకూడదు. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, ఇనుము ఒక్కొక్కటి కిలోకు 0.5 మిల్లీగ్రాములకు మించరాదు. మన వీధుల్లో ఇరవై లీటర్ల క్యాన్లలో అమ్మే ఆర్వో నీరు తాగడానికి మంచిదే అయినా, అందులో లీటరుకు పదుల మిల్లీగ్రాముల లవణాలు మిగిలే ఉంటాయి. అవి క్యాటలిస్టు మీద పేరుకుపోయి దాని పనిని శాశ్వతంగా చంపేస్తాయి.

ఇలా ఇంట్లో కలిపిన ద్రవం పోసిన కారు ఒకటి మా దగ్గరికి వచ్చినప్పుడు ట్యాంకులోని ద్రవాన్ని గాజు సీసాలోకి తీసి చూశాము. పైన సన్నని జిడ్డు పొర తేలుతోంది, అడుగున మసకగా మడ్డి దిగింది. ఇంజెక్టర్ మూతి పసుపు తెలుపు పెచ్చుతో దాదాపు మూసుకుపోయింది. అయితే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేస్తే గాఢత 32 శాతం దాటే చూపించింది. ఆ పరికరం యూరియా పాళ్లను చెబుతుందే తప్ప శుద్ధిని చెప్పదు. కనుక ఎవరైనా రీడింగ్ చూపించి ద్రవం మంచిదని అమ్మితే నమ్మవద్దు, సీలు తీయని క్యాన్ మీద ఐఎస్ఓ 22241 ముద్ర, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసి కొనండి. పైగా రైతుల కోసం రాయితీ మీద ఇచ్చే యూరియాను ఇలా మళ్లించడం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నేరం.

అపోహ: యూరియా నీళ్లే కదా, ఎన్నాళ్లయినా పాడవదు.

పాడవుతుంది, మన ఊళ్లలో ఇంకా త్వరగా పాడవుతుంది. 25 డిగ్రీలు దాటని చోట 18 నెలలు, 30 డిగ్రీల దగ్గర ఏడాది, 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలు నిలుస్తుందని ప్రమాణం చెబుతుంది. ఆపైన వేడిలో ఉంచితే వాడే ముందు పరీక్షించక తప్పదు. మే నెలలో విజయవాడలో ఎండ నలభై దాటుతుంది, ఎండలో నిలిపిన కారు డిక్కీలో వేడి అంతకన్నా ఎక్కువ. అందుచేత అదనపు క్యాన్‌ను డిక్కీలో పెట్టుకుని తిరగడం మానండి, ఇంట్లో నీడపట్టున ఉంచండి, సీలు తీసిన క్యాన్‌ను వీలైనంత త్వరగా వాడేయండి. మూత తీసినప్పుడు కొద్దిగా ఘాటు వాసన రావడం మాత్రం వేసవిలో సహజమే.

అపోహ: మూత చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే ద్రవం కల్తీది.

నీరు ఆరిపోయి మిగిలిన యూరియా అది. శుభ్రమైన గోరువెచ్చని నీళ్లతో కడిగితే పోతుంది. గొట్టాల అతుకుల దగ్గర గాని ఇంజెక్టర్ దగ్గర గాని ఆ పొడి రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం కారుతోందని అర్థం. ఈ ద్రవం రాగిని, ఇత్తడిని తినేస్తుంది, కాబట్టి వైరింగ్ కనెక్టర్ల మీద పడితే వెంటనే కడగాలి, పోయడానికి ఇత్తడి గరాటు గాని, ఆయిల్ పోసిన పాత గరాటు గాని వాడరాదు.

అపోహ: యాడ్‌బ్లూ అయిపోతే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

నడుస్తున్న కారు ఆగదు. ముందుగా హెచ్చరిక వస్తుంది, ఆ తరువాత ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో మీటరు చూపిస్తుంది. సున్నాకు చేరాక ఒకసారి ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్టు కాదు. చాలా కార్లలో ఒకటి రెండు లీటర్లు పోస్తే సెన్సారు గుర్తించదు. మాన్యువల్‌లో చెప్పిన కనీస పరిమాణం పోసి, ఇగ్నిషన్ ఆన్ చేసి కొద్ది నిమిషాలు ఆగాలి.

అపోహ: ఊళ్లోనే తిరిగే కారుకు ఈ బాధలు ఉండవు.

నిజానికి ఎక్కువ బాధలు వాటికే. పొగ దాదాపు 200 డిగ్రీల వేడికి చేరకపోతే యూరియా పూర్తిగా విడిపోదు, గొట్టంలోనే గట్టి పెచ్చుగా మారుతుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోనూ, ఏసీ వేసుకుని గంటల తరబడి నిలిపి ఉంచిన బండిలోనూ జరిగేది ఇదే. వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట పాటు ఒకే వేగంతో, ఏలూరు వైపో గుంటూరు వైపో నడిపితే మేలు. మసిని పట్టే డీపీఎఫ్ వేరే భాగమైనా, దానికీ ఈ పరుగు అవసరమే.

అపోహ: పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కనుక ఎస్‌సీఆర్ తీసేసి, అది పనిచేస్తున్నట్టు కారు కంప్యూటర్‌ను నమ్మించే ఎమ్యులేటర్ పెట్టుకున్నా ఫరవాలేదు.

డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది పొగ నలుపును మాత్రమే. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు. కంటికి కనిపించకుండానే అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఎండలో ఓజోన్ ఏర్పడడానికీ కారణమవుతాయి. మన పిల్లలు బడికి వెళ్లే రోడ్ల మీదే ఆ గాలి ఉంటుంది, అందుకే ఎంత అడిగినా నేను ఆ పని చేయను. కంపెనీ అమర్చిన భాగాలను అలా మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒప్పుకోదు. చాలామంది ఈ దారి వెతికేది క్యాటలిస్టు మార్చాలంటే లక్షల్లో అవుతుందన్న భయంతోనే. నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల) ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ క్యాటలిస్టు పోయినట్టు కాదు. ముందు ద్రవాన్ని పరీక్షించి, అనుమానం ఉంటే ట్యాంకు ఖాళీ చేయించి కడిగించి కొత్త ద్రవం పోయించండి, ఇంజెక్టర్ మూతిని శుభ్రం చేయించండి, ఎర్రర్ చెరిపి కొన్నాళ్లు నడిపి చూడండి. అదే కోడ్ మళ్లీ వస్తే అప్పుడు నాక్స్ సెన్సార్లను పరీక్షించాలి, అవి కూడా బాగున్నాయని తేలాకే క్యాటలిస్టు గురించి మాట్లాడమని మెకానిక్‌ను అడగండి.