వోక్స్నా గ్రాఫైట్ గని: ధర పెరిగితే తెరుస్తారు, తర్వాత?

గ్రాఫైట్ ధర కాస్త కదిలితే చాలు, స్వీడన్‌లో ఎడ్స్‌బిన్ అనే ఊరి దగ్గరున్న వోక్స్నా గని పేరు మళ్లీ వార్తల్లోకి వస్తుంది. గని తవ్వి ఉంది, ప్లాంటు ఉంది, లీజు ఉంది. ఇంకా ఆలస్యం దేనికన్నది ప్రశ్న.

కరెంటు కార్ల బ్యాటరీల్లో గ్రాఫైట్ వాడతారని, ఆ సరుకు మీద చైనాదే పెత్తనమని తెలిసిందే కాబట్టి నేరుగా 2014కి వెళ్దాం. అసలు కథంతా అక్కడే ఉంది.

1996లో మొదలైన ఈ గని చవక ధరలకు తట్టుకోలేక 2001లో మూతపడింది. పదేళ్లు తిరిగేసరికి పెద్ద రేకుల గ్రాఫైట్ టన్ను రెండున్నర వేల డాలర్లు దాటింది. ఆ వేడిలో కెనడాలోని వాంకూవర్‌కు చెందిన ఫ్లిండర్స్ రిసోర్సెస్ గనిని కొనేసింది. అయితే పాత ప్లాంటు బాగుచేసి, మళ్లీ సరుకు తీసేసరికి 2014 వచ్చింది. అప్పటికే ధర జారిపోతోంది. ఏడాది గడిచిందో లేదో, 2015లో మళ్లీ ఆపేశారు. గని తెరవాలన్న నిర్ణయం ధర మండిపోతున్న రోజున జరుగుతుంది, సరుకు మాత్రం రెండు మూడేళ్ల తర్వాతి ధరకు అమ్ముకోవాలి. వోక్స్నాను ముంచింది ఈ తేడానే.

పైగా ఇది బొగ్గులా తవ్వి లారీకెత్తే సరుకు కాదు. రాయిని పొడిచేసి నీళ్లలో కలిపి గాలి కొడితే, గ్రాఫైట్ రేకులు బుడగలకు అంటుకుని నల్లటి నురుగుగా పైకి తేలుతాయి. దాన్ని తీసి ఆరబెడతారు. రాయిని మరీ మెత్తగా నూరితే రేకులు విరిగిపోతాయి, రేకు చిన్నదైతే రేటూ పడిపోతుంది. ఈ గ్రాఫైట్ కొనే కొలిమి ఇటుకల తయారీదారులు ఒక గని సరుకుకు అలవాటుపడితే తొందరగా మారరు. రెండుసార్లు మూతపడిన గనిని వాళ్లు ఎందుకు నమ్మాలి?

ఈసారి లెక్క వేరంటోంది ఫ్లిండర్స్, అంటే 2016లో మరో కంపెనీతో విలీనం తర్వాత లీడింగ్ ఎడ్జ్ మెటీరియల్స్‌గా పేరు మారిన కంపెనీ. ముడి సరుకు అమ్మకుండా, బ్యాటరీ ఆనోడ్‌కు (రుణ ధ్రువానికి) పనికొచ్చేలా శుద్ధి చేసి అమ్మాలన్నది 2021 నాటి దాని అధ్యయనం.

కానీ 2023 డిసెంబరు 1 నుంచి చైనా తన గ్రాఫైట్ ఎగుమతులకు లైసెన్సు తప్పనిసరి చేసినప్పుడు కూడా ధరలు ఎగబాకుతాయనే అందరూ అనుకున్నారు. 2024లో పడిపోయాయి, చైనాలోనే సరుకు ఎక్కువైపోయి.

ఈలోగా ఉత్పత్తి ఉన్నా లేకపోయినా గ్రాఫైట్ తీశాక మిగిలిన రాతి బురదను నిల్వచేసే వ్యర్థాల చెరువుకు కాపలా కాయాలి, నీటిని గమనిస్తూ ఉండాలి. లీజు గడువు 2041 వరకు ఉంది.