తెలుగు లిపిలోని ఈమెయిల్ చిరునామా: దారి ఎక్కడ ఆగింది?

1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చిన ఐఐటీ వరకు ఎన్నో విద్యాసంస్థలున్న తిరుపతిలో, తన పేరును తెలుగు అక్షరాల్లోనే రాసుకున్న ఈమెయిల్ చిరునామా గల విద్యార్థి ఇప్పటికీ అరుదు. అందుకు కావలసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పదేళ్ల క్రితమే సిద్ధమైంది కనుక, లోపం ఎక్కడుందో చరిత్రలోనే వెతకాలి.

ఈమెయిల్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు చేరవేసే నియమావళిగా 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ ప్రమాణం ఏడు బిట్ల ఆంగ్ల అక్షరాలను మాత్రమే అనుమతించింది. 1992లో వచ్చిన మైమ్ అనే ఉత్తర రూప ప్రమాణం వల్ల ఉత్తరంలోని విషయానికి అన్ని లిపులూ దక్కాయి గాని చిరునామా మాత్రం మారలేదు. 2003లో, ఇతర లిపుల పేర్లను ఆంగ్ల అక్షరాల్లోకి మార్చి రాసే ప్యూనీకోడ్ ద్వారా, ఎట్ గుర్తు తర్వాత వచ్చే డొమైన్ పేర్లకు మార్గం దొరికింది. అయితే చిరునామాలో ఎట్ గుర్తుకు ముందున్న భాగానికి అర్థం చెప్పే అధికారం దాన్ని అందుకునే సర్వర్‌కే ఉంటుంది కాబట్టి, దారిలోని సర్వర్లు దాన్ని మరో రూపంలోకి మార్చే వీలు లేకపోయింది.

2008, 2009 సంవత్సరాల్లో వెలువడిన ప్రయోగాత్మక ప్రమాణాలు, పాత సర్వర్ ఎదురైనప్పుడు ప్రత్యామ్నాయ ఆంగ్ల చిరునామాకు దిగే పద్ధతిని ప్రతిపాదించాయి. 2012లో ఖరారైన ప్రమాణం ఆ పద్ధతిని వదిలేసింది. ఇతర లిపుల చిరునామాలను అనుమతించే ఎస్‌ఎంటీపీ-యూటీఎఫ్8 అనే ఈ విస్తరణ తనకు తెలుసునని ఎదుటి సర్వర్ ప్రకటించకపోతే ఉత్తరం వెనక్కి వస్తుంది. దారిలో చిరునామాలను మార్చడం కంటే ఇది మేలైన నిర్ణయమేనని నా అభిప్రాయం. కాని దాని భారమంతా మనలాంటి భాషల మీద పడింది.

2014లో జీమెయిల్ ఇలాంటి చిరునామాలతో ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టింది. వీట్సె వెనెమా రూపొందించిన ఓపెన్ సోర్స్ మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో ఈ సదుపాయం 2015 ఫిబ్రవరిలో వచ్చిన 3.0తో చేరింది. దాని తొలి కోడ్‌ను ఆర్న్‌ట్ గుల్‌బ్రాండ్‌సెన్ రాయగా, ఖర్చును చైనా డొమైన్ నమోదు సంస్థ భరించింది. చైనా అవసరం కోసం జరిగిన ఆ పని తెలుగుకూ అక్కరకు వచ్చిందంటే, అది ఓపెన్ సోర్స్ కావడమే కారణం.

మిగిలిన చిక్కులు చిన్నవే గాని, అవి తెలియనివారిని నిలిపేస్తాయి. పోస్ట్‌ఫిక్స్ డొమైన్‌ను తనంతట తాను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చదు కాబట్టి, .భారత్‌తో ముగిసే పేరును దాని అమరికల పట్టికల్లో తెలుగులోనూ ప్యూనీకోడ్‌లోనూ రాయాలి. ‘శైలజ’లోని ఐత్వాన్ని, అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వానికి ఐ పొడిగింపు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే అయినా బైట్లు వేరు గనుక, ఖాతాను ఒక రూపంలో తెరిచి ఉత్తరాన్ని మరో రూపంలో పంపితే అది చేరకపోవచ్చు. చీనీ లిపికి ఈ ఇబ్బంది లేదు, కాబట్టి దీన్ని పట్టించుకోవలసింది, రాసి పెట్టవలసింది మనమే.

తిరుపతిలో మేము కొందరం సిద్ధం చేస్తున్న తెలుగు మార్గదర్శిలో ఈ రెండు విషయాలకే ఎక్కువ పుటలు కేటాయించాం. ప్రతి తెలుగు చిరునామాకూ తోడుగా ఒక ఆంగ్ల చిరునామాను అదే పెట్టెకు కలపడం, తిరిగి వచ్చిన ఉత్తరంలోని దోష సందేశాన్ని చదివి ఏ సర్వర్ దగ్గర ఆగిందో గుర్తించడం కూడా అందులో ఉంటాయి. తెలుగు చిరునామాను చెల్లదని తోసిపుచ్చే దరఖాస్తు ఫారాల సంగతిని తర్వాతి భాగంలో చేపడతాం.