ఎకో ఫ్రెండ్లీ అంటే ఖర్చేనా? వైజాగ్ ఇళ్ళల్లో నేను వినే అపోహలు, అసలు సంగతి

అపార్ట్‌మెంట్లలో, ఇండిపెండెంట్ ఇళ్ళల్లో వంటింటి చెత్తని ఎరువుగా మార్చే కంపోస్టు డబ్బాలు పెట్టించి నేర్పించడం నా పని. ఎంవీపీ కాలనీలో అయినా మధురవాడలో అయినా డబ్బా మూత తీసేలోపే "ఇదంతా డబ్బున్నోళ్ళ సరదా కదండీ" అనేవాళ్ళు ఒకరుంటారు, అందుకే తరచూ వినే మాటలన్నీ ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ఎకో ఫ్రెండ్లీగా ఉండాలంటే కొత్త సామాన్లు కొనాలి.

వాస్తవం: బాగున్న ప్లాస్టిక్ డబ్బాలు పారేసి వెదురు డబ్బాలు ఆర్డర్ పెడితే చెత్త పెరిగిందే గానీ తగ్గలేదు. ఉన్నదాన్ని పగిలేదాకా వాడుకోండి. గుడ్డ సంచి సంగతీ అంతే, పత్తికి నీళ్ళూ మందులూ బోలెడు పడతాయి, ఒక్కో సంచీని ఏళ్ళ తరబడి వాడితేనే లాభం. పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టుగా వచ్చిన సంచులు బీరువా నిండా పెట్టుకుని రైతు బజార్‌కి మాత్రం చేతులూపుకుంటూ వెళ్తారు చూడండి, వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఒక సంచి స్కూటీ డిక్కీలో పడేసి మర్చిపోండి.

అపోహ: కంపోస్టు వాసనొస్తుంది, పురుగులు పడతాయి, పక్కింటోళ్ళు గొడవకొస్తారు.

వాస్తవం: గాలి ఆడకుండా కుళ్ళితేనే వాసన. కూరగాయ తొక్కల్లో ఎక్కువ భాగం నీళ్ళే, పైగా మన ఊళ్ళో సముద్రపు తేమ, దాంతో డబ్బా లోపల ఊరికే చిత్తడైపోతుంది. తొక్కలు వేసిన ప్రతిసారీ పైన కనపడకుండా ఎండు సరుకు కప్పాలి, ఎండుటాకులో కొబ్బరి పొట్టో కార్పెంటర్ దగ్గర దొరికే రంపపు పొట్టో ఏదో ఒకటి (ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు మందులుంటాయి). సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే లోపలి సరుకు గుప్పెడు తీసి గట్టిగా పిండండి, వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలొస్తే బాగున్నట్టు, ధారగా కారితే ఇంకా పొట్టు వేసి కలపాలి, అసలు తడే తగలకపోతే కాస్త పుల్ల మజ్జిగ చిలకరించండి. రెండు మూడు నెలల్లో నల్లగా పొడిపొడిగా అయ్యి వాన పడ్డ మట్టి వాసనొస్తుంది.

లావుగా బద్ధకంగా కదిలే పురుగులు కనపడితే డబ్బా విసిరేయకండి, అవి సోల్జర్ ఫ్లై అనే ఒక రకం ఈగ పిల్లలు, చెత్త మనకన్నా బేగి తినేస్తాయి. ఇంకోటి, ఎండుటాకులు ఉగాది లోపే గోనె సంచుల్లో దాచుకోండి, మన కాలనీల్లో నాటు బాదం చెట్లు తెగ రాలుస్తాయి, వాటిని నలిపి దాచాలి. వానలు మొదలయ్యాక పొడి ఆకు కావాలంటే ఎక్కడా దొరకదు.

అపోహ: చేపల పొలుసులు, రొయ్య తలకాయలు కంపోస్టుకి పనికిరావు.

వాస్తవం: బాల్కనీ డబ్బాలో వద్దు, నిజమే, పిల్లులొస్తాయి. పెద్ద కుండీలోనో పెరట్లోనో జానెడు లోతు గొయ్యి తీసి కప్పేస్తే మొక్కకి మంచి బలం. హార్బర్ ఉన్న ఊళ్ళో ఆదివారం ఆదివారం ఇవే కదా ఎక్కువ.

అపోహ: మనం తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఏం లాభం, చెత్త బండిలో కలిపేస్తారు.

వాస్తవం: తడి చెత్త గుమ్మం దాటకపోతే ఇంక కలపడానికేముంది? ఊళ్ళ చెత్తలో సుమారు సగం తడి చెత్తే. అది కాపులుప్పాడ డంపింగ్ యార్డు లాంటి చోట గుట్టలో కూరుకుపోతే గాలి ఆడక మీథేన్ తయారవుతుంది, వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లు పైనే వేడి పట్టి ఉంచే గ్యాస్ అది. పొడి చెత్తకి పులుసు అంటకపోతే పాత సామాన్లాయన డబ్బులిచ్చి మరీ పట్టుకెళ్తాడు. పాల ప్యాకెట్ కడిగి ఆరేయండి, మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెంపకండి. ఆ చిన్న ముక్కని ఎవరూ ఏరరు, కాలవలోంచి గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోతుంది.

అపోహ: పేపర్ కప్పు, కంపోస్టబుల్ కవర్ అయితే పర్లేదు.

వాస్తవం: పేపర్ కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే టీ కారిపోదూ. కంపోస్టబుల్ కవర్లకి ఫ్యాక్టరీ లాంటి చోట ఉండే వేడి కావాలి, బీచ్‌లో పడేస్తే కరిగిపోవు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, స్ట్రాలు, స్పూన్లు నిషేధం, ఆ ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు కూడా, అయినా ఏ బండి దగ్గర చూసినా అవే. టీకి స్టీలు గ్లాసో గాజు గ్లాసో అడగండి, చాలా కొట్లలో ఉంటాయి, అడిగేవాళ్ళే లేరు.

అపోహ: ఏసీ 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుంది.

వాస్తవం: నా సబ్జెక్టు కాదు గానీ అందరూ అడుగుతారు. తొందరేం ఉండదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుందంతే. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు 24 డిఫాల్ట్‌తో వస్తున్నాయి, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని లెక్క. ఫ్యాన్ వేసుకుని 26లో పడుకోండి.

అపోహ: దేవుడి పూలు చెత్తలో వేస్తే పాపం, సముద్రంలోనే కలపాలి.

వాస్తవం: కలిపేవాళ్ళలో చాలామంది కవర్‌తో సహా కలిపేస్తున్నారు మరి. తులసి కుండీలోనో కంపోస్టు డబ్బాలోనో వేయండి, ఏ తప్పూ లేదు, మా అమ్మమ్మ కూడా మొక్క మొదట్లోనే వేసేది. దండ వేసేముందు దారం లాగేయండి, అరటి నారతో కట్టింది అయితే అలాగే వేసేయొచ్చు, నైలాన్ దారమైతే ఎరువు జల్లెడ పట్టేటప్పుడు చిక్కులు చిక్కులుగా చేతికి తగులుతుంది.